దూది కొట్లో నా బండి

మా గల్లీలో చలికాలం వచ్చిన సంగతి ముందుగా ముక్కులకు తెలుస్తుంది. ఎదురింటి చాచా చలికి కప్పుకునే రజాయిల పని మొదలుపెట్టాడంటే చాలు, దూది నలుసులు గాలిలో లేచి తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోకీ పిలవని చుట్టాల్లా వచ్చేస్తాయి. ఇక ఇంటికో రకం తుమ్ము. మా అత్తమ్మ తుమ్మిందంటే గల్లీ మొదట్లో పాన్ డబ్బా పెట్టుకున్నాయన కూడా ఉలిక్కిపడతాడు.

ఆ ఏడు చలికాలం కూడా తుమ్ములతోనే మొదలైంది. అప్పటికి నాకు ఏడో నెల. వాకిట్లో నా మోటారు సైకిలు.

అది ఎర్ర రంగు బండి, గేర్ల బండి, కిక్కు కొట్టి స్టార్ట్ చేసే పాత రకం. నేనే ఇష్టపడి కొనుక్కున్నాను. పత్తర్‌గట్టి వెనక ఉన్న మా గల్లీలోంచి మలక్‌పేటలో నేను పనిచేసే సర్కారు ఆఫీసుకు దాని మీదే వెళ్లేదాన్ని. పెళ్లయిన కొత్తలో నేను బండి తీస్తుంటే గల్లీ అంతా పని ఆపి చూసేది. తర్వాత అలవాటై, నా బండి చప్పుడు వింటే పాలు పొంగించుకోకుండా స్టవ్ కట్టేసే టైమైందని లెక్కపెట్టుకునేవాళ్లు. మా ఆయనకు గేర్లంటే భయం. నా వెనకే కూర్చుని వచ్చేవాడు. కాకపోతే తన ఆఫీసు ఇంకో మలుపు ఉందనగానే "ఇక్కడ దించెయ్, కొంచెం నడుస్త" అనేవాడు. నడక మీద ఆయనకు ఉన్న ప్రేమ ఆ ఒక్క మలుపుకే పరిమితం.

అత్తమ్మకు మాత్రం ఆ బండి ఏ రోజూ సయించలేదు. నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉండేది. బండి స్టాండు వేసేలోపే మొదలు. "ఇంత లేటా? గా చప్పుడేంది? గా దుమ్మేంది?" తిట్టడానికే కాచుకుని కూర్చుంటుందని నేను లోలోపల పళ్లు నూరుకునేదాన్ని.

తొలి కాన్పుకు పుట్టింటికి పోవాలి కదా. కార్వాన్ నుంచి మా అమ్మ వచ్చి, ఫలానా రోజున తీసుకుపోతానని చెప్పి వెళ్లింది. ఆ సాయంత్రమే అత్తమ్మ బియ్యం చెరుగుతూ మాట కదిపింది.

"పిల్లతల్లివి అయితున్నవ్. ఇంక బండి గిండి ఎందుకు బిడ్డా? మంచిగున్నప్పుడే అమ్మేద్దాం."

"నేను వచ్చేదాక ఆగు అత్తమ్మా."

"ఆగితే ఏమైతది? చలికాలమంత బయట మంచుల నానుతది. తుప్పు పడితే ఇనుప సామాన్లోడు గూడ ముట్టడు."

"తుప్పు పట్టకుంట పెట్టి పోత. బిడ్డనెత్తుకొని వచ్చిన్నాడు నీ ముంగటనే స్టార్ట్ చేస్త. స్టార్ట్ అయితే ఉంటది. కాకుంటే నువ్వే అమ్మెయ్. నేను అడ్డం రాను."

అత్తమ్మ చాట కింద పెట్టి నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది. "మాటంటే మాటే మల్ల" అంది.

కోపంలో అనేశాను గానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. బండి లేకపోతే ఆఫీసు ఆగిపోదు. బస్సులున్నాయి, ఆటోలున్నాయి. కానీ పొద్దున మూసీ ఒడ్డున పోతున్నప్పుడు ముఖానికి తగిలే ఆ గాలి ఉంది చూడండి, ఆ కాసేపు నేను ఎవరి కోడలినీ కాదు, ఎవరి కింది ఉద్యోగినీ కాదు. బిడ్డ పుట్టాక ఆ కాసేపు కూడా పోతుందేమోనని నాకు నిజంగానే భయమేసింది.

సమస్య ఏమిటంటే బండి పెట్టడానికి చోటు లేదు. మా ఇంట్లో వాకిలి అంటే గడప ముందున్న నాలుగు బండలూ ఒక తులసి కుండీయే, పైన కప్పు కూడా లేదు. కార్వాన్‌లో అమ్మవాళ్లది మేడ మీది వాటా, మెట్ల కింద కిందింటివాళ్ల మేకలు. మా ఆయన్ని నమ్మి వాకిట్లో వదిలేస్తే, వర్షం వచ్చినా మంచు వచ్చినా ఆయన దాని మీద తువ్వాలు ఆరేస్తాడు తప్ప ఇంకేమీ చెయ్యడు.

మా గల్లీ ఎంత ఇరుకంటే ఎదురిళ్ల వాళ్లు మాట్లాడుకోవడానికి గొంతు పెంచక్కర్లేదు. మా గొడవంతా విన్న ఖాలా తన గుమ్మంలోంచే అంది. "అంత పరేషాన్ ఎందుకు బేటీ? మా కొట్టు లేదా? ఆడ పెట్టు."

ఖాలా అంటే రజాయిల చాచా భార్య. చాచా అంటే బాబాయి, కాబట్టి వరస ప్రకారం ఆమెను చాచీ అనాలి. నేను కాపురానికి వచ్చిన వారంలోనే, "నీకు ఈడ అమ్మ తరఫు మనిషి ఒక్కరన్న ఉండాలె" అని తనే ఖాలా అయిపోయింది. అమ్మ చెల్లెలు అన్నమాట. వాళ్లింటి ముందు గదిలో చాచా రజాయిలు కుడతాడు. వెనక గదిలో దూది ఏకే మిషను, దూది మూటలు. అదే కొట్టు. రాతి గోడలు, పైకప్పు, గట్టి తలుపు. చెమ్మ అనేదే లేదు. దూదికి మంచిదైన గది ఇనుముకు చెడ్డదెందుకవుతుంది అనుకున్నాను.

ఇక్కడ గిన్నె సంగతి చెప్పాలి. మా అత్తమ్మకూ ఖాలాకూ మధ్య ఒక మూత గిన్నె తిరుగుతూ ఉంటుంది. నేను కాపురానికి రాకముందు నుంచీ తిరుగుతోంది. అది మొదట ఎవరి ఇంటిదో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు. ఇక్కడి నుంచి సకినాలతో పోతుంది, అక్కడి నుంచి సేమ్యాతో వస్తుంది. పప్పుతో పోతుంది, బగారా అన్నంతో వస్తుంది. ఏ ఇంటి నుంచీ ఖాళీగా మాత్రం కదలదు. ఇంట్లో ఏమీ లేకపోతే కనీసం గుప్పెడు చక్కెరైనా వేస్తారు. ఒకసారి మా ఆయన తెలియక కడిగిన గిన్నెను కడిగినట్టే తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. అత్తమ్మ ఆయన్ను మెడ పట్టుకున్నంత పని చేసి, చక్కెర పొట్లంతో వెనక్కి పంపింది. "ఖాళీ గిన్నె ఇస్తరారా ఎవరన్న? వాళ్లింటికి ఏం కోరుకుంటున్నవ్ నువ్వు?" అని ఆ వారమంతా ఆయన్ను సాధించింది.

పుట్టింటికి పోయే రెండు రోజుల ముందు నేను బండిని సిద్ధం చేశాను. కింద కూర్చోలేను, వంగలేను కాబట్టి కుర్చీలో కూర్చుని చెబుతుంటే మా ఆయన చేశాడు. కడిగి ఎండలో ఆరబెట్టాడు. చైనుకు నూనె పెట్టాడు. ట్యాంకులో పెట్రోలు మొత్తం తీయించాను. నెలల తరబడి నిలవ ఉంటే కార్బొరేటర్‌లో జిగురు కడుతుందని నా భయం. బ్యాటరీ లేకపోయినా కిక్కుకు బండి లేస్తుంది గానీ, ఊరికే ఉంటే పాడవుతుందని దాన్నీ తీసి ఇంట్లో పెట్టించాను. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కించాను. తర్వాత మా ఆయన, చాచా కలిసి దాన్ని తోసుకుపోయి, దూది మూటల మధ్య చెక్క మీద స్టాండు వేసి నిలబెట్టారు.

"ఖాలా, ఒక్కటే మాట" అన్నాను తాళం చెవి ఆమె చేతికిస్తూ. "దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. పెట్రోలు పొయ్యొద్దు, స్టార్ట్ చెయ్యొద్దు. నేను వచ్చేదాక పండుకోనియ్యండ్రి."

చాచా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఫికర్ నక్కో కరో బేటీ. గుడ్డిదీపం గూడ వెలిగియ్య, దాని నిద్ర ఖరాబ్ అయితదని."

నేను నిశ్చింతగా కార్వాన్ వెళ్లాను.

చలి బాగా ముదిరిన రోజుల్లో మా పాప పుట్టింది. చూడటానికి వచ్చిన అత్తమ్మ పాపను ఎత్తుకుని ముక్కు నాన్నమ్మది, నుదురు నాన్నమ్మది అని అన్నీ తనే పంచుకుంది. బండి మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన్ను ఫోనులో అడిగితే "మంచిగున్నది" అనేవాడు. ఆయన కొట్టులోకి తొంగి కూడా చూడలేదని ఆ గొంతే చెప్పేది. ఒక రోజు ఉండబట్టలేక ఖాలాకు వీడియో కాల్ చేశాను. ఆమె ఫోను తిప్పి చూపించింది. నా బండి రజాయి కప్పుకుని ఉంది! మిగిలిపోయిన గుడ్డ ముక్కలు, ఆకుపచ్చ, పసుపు, గులాబీ, అన్నీ కలిపి చాచా దాని కొలతకు ఒక రజాయి కుట్టాడు. హ్యాండిల్ దగ్గర రెండు చెవుల్లా ఉబ్బి ఉంది. నేను ఎంత నవ్వానంటే పక్కలో పాప లేచి ఏడ్చింది, అమ్మ వచ్చి ఇద్దరినీ కోప్పడింది.

పాపకు మూడో నెలలో మమ్మల్ని తీసుకొచ్చారు. చలి పోయి ఎండ చురుక్కుమంటోంది. రంజాన్ నెల నడుస్తోంది, మా గల్లీలో మధ్యాహ్నం నుంచే ఇఫ్తారు హడావిడి. అత్తమ్మ గుమ్మంలోనే నిలబెట్టి మా ఇద్దరికీ దిష్టి తీసింది. పాపను లోపల మంచం మీద పడుకోబెట్టింది. నాకు మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఊ, మరి బండి తెప్పియ్" అంది.

మరిచిపోయి ఉంటుందిలే అనుకున్న నా ఆశ అక్కడితో పోయింది.

మా ఆయన, చాచా కలిసి బండిని తోసుకొచ్చారు. రజాయి కప్పుకునే వచ్చింది. గల్లీలో ఉన్నవాళ్లంతా పెళ్లికూతురు దిగుతున్నట్టు గుమ్మాల్లోకి వచ్చారు. ఖాలా రజాయి తీసింది. ఒక్క చోట కూడా తుప్పు లేదు. ట్యాంకు మీద నా ముఖం కనపడుతోంది. సైలెన్సర్‌లో గుడ్డ తీసి ఉంది. అదెప్పుడు తీశారా అనుకుంటూ అలవాటుగా బండిని కొంచెం ఊపాను. ట్యాంకులోంచి గలగలా చప్పుడొచ్చింది. మూత తీసి చూస్తే పెట్రోలు అంచు దాకా ఉంది.

"ఖాలా! పెట్రోలు పోసిండ్రా?"

ఖాలా నన్ను వింతగా చూసింది. "మరి? నువ్వు ఖాళీ చేసి ఇచ్చినవ్. ఖాళీగ మేమెట్ల వాపస్ ఇస్తం? నువ్వు పోయిన దినమే మీ చాచాను పంపి తెప్పించిన, నిన్న మల్ల అంచు దాక పోయించిన. నెలల తరబడి ఖాళీ బర్తన్ ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?"

వాళ్ల దృష్టిలో నా బండి కూడా ఒక మూత గిన్నే. దేవుడి మీద భారం వేసి బ్యాటరీ పెట్టించాను. "బాలింతవు, కాలెత్తకు" అని అత్తమ్మ కసరడంతో కిక్కు కొట్టే పని మా ఆయన మీద పడింది. ఆయన కళ్లు మూసుకుని కొట్టాడు. బండి ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ దగ్గింది. మూడోసారి ఆ దగ్గు కూడా లేదు. ఆయన చొక్కా తడిసిపోయింది.

"హటో బేటా, నేను చూస్త" అంటూ చాచా ముందుకొచ్చాడు. ఉపవాసంతో ఉన్నా ఊరుకోలేదు. ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి చోక్ లాగాడు, యాక్సిలరేటర్ కొంచెమే తిప్పాడు, కిక్కును సగం దాకా నొక్కి పట్టి అప్పుడు కొట్టాడు. అచ్చం నేను కొట్టినట్టే. బండి కదల్లేదు గానీ నాకు అనుమానం వచ్చింది.

"చాచా, చోక్ ఆడున్నదని మీకెట్ల తెలుసు?"

చాచా గడ్డం నిమురుకున్నాడు. ఆకాశం చూశాడు. ఇఫ్తారుకు ఇంకా చాలా టైముందని అప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టాడు. చివరికి ఖాలానే నోరు విప్పింది.

"ఏం దాచుడు లేదు బేటీ. పెట్రోలు పోసినంక కారుతదా లేదా చూద్దమని మొదటి జుమ్మా, గదే శుక్రారం నాడు ఒక్కసారి స్టార్ట్ చేసిండు. గా చప్పుడుకు మీ అత్త పొయ్యి మీద కూర వదిలేసి దర్వాజ కాడికి ఉరికొచ్చింది. నువ్వే వచ్చినవనుకున్నది. మా కొట్ల కెళ్లి వస్తున్నదని తెలిసి నవ్వింది. లోపలికి మాత్రం పోలే, బంద్ అయ్యేదాక నిలబడ్డది. మల్ల జుమ్మాకు కూడ గదే టైముకు వచ్చి నిలబడ్డది. ఇంక మీ చాచా ఊకుంటడా? ప్రతి జుమ్మా నమాజ్ నుంచి రాంగనే స్టార్ట్ చేసుడే."

"ఏం కాదు" అంది అత్తమ్మ వెంటనే. "నేను తులసి కాడికి వచ్చిన."

"ప్రతి జుమ్మానా?" అన్నాడు మా ఆయన. ఆయన జీవితంలో వేసిన మంచి ప్రశ్న అదొక్కటే.

అత్తమ్మ కొంగు సర్దుకుని తులసి వైపు తిరిగింది. రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి ఉండేది తిట్టడానికి కాదని, నేను క్షేమంగా వచ్చానని ఆ చప్పుడులో వినడానికని ఇన్నేళ్లకు ఇలా తెలిసింది. నేను లేని రోజుల్లో కూడా వినాలనిపించిందట. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి వచ్చి దూది నలుసు కలిస్తే తుమ్మొచ్చింది.

అయినా బండి మాత్రం స్టార్ట్ కాలేదు. మాటంటే మాటే. చాచా తల దించుకుని, "తప్పు నాదే ఆపా, అమ్మకండ్రి. మెకానిక్‌ను నేను తెస్త" అని అత్తమ్మతో అన్నాడు.

అత్తమ్మ మెల్లగా బండి దగ్గరికి వచ్చింది. అది కొన్న ఇన్నేళ్లలో తను దాన్ని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. ట్యాంకు మూత తీసి లోపలికి తొంగి చూసింది. వాసనకు ముఖం చిట్లించింది. మూత పెట్టేసి కొంగుతో దాన్ని తుడిచింది.

"వాళ్లు అంచు దాక నింపి పంపిండ్రు. నింపి పంపినదాన్ని అమ్ముకుంటమా? ముఖం ఎట్ల చూపియ్యాలె వాళ్లకు?" అని నా వైపు తిరిగింది. "ఇయ్యాల స్టార్ట్ కాకుంటే రేపు అయితది. అమ్ముడు గిమ్ముడు ఇంటి ముంగట మాట్లాడొద్దు."

అమ్ముదామన్నది ఎవరో గుర్తు చేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆ మాటతో నా మెదడు మళ్లీ పనిచెయ్యడం మొదలుపెట్టింది. ప్రతి జుమ్మా స్టార్ట్ చేశాడు. ఎక్కడ? కొట్టులో. కొట్టులో ఏముంటుంది? చలికాలమంతా మిషను మీద ఏకిన దూది గాలిలో ఎగురుతూ ఉంటుంది. బండి గాలి పీల్చుకోవద్దూ? మా ఆయనతో పక్క డబ్బా విప్పించి, గాలి వడపోసే జల్లెడ బయటికి తీయించాను. జల్లెడ కనపడితే కదా! తెల్లగా, మెత్తగా, చిన్నపిల్లల తలగడలో కూరినంత దూది ఉంది. మా ఆయన లాగుతున్నాడు, వస్తూనే ఉంది. గల్లీ అంతా పగలబడి నవ్వింది. చాచా కూడా నవ్వుతూ, "అచ్ఛా మాల్ ఉన్నది, పారెయ్యకు" అన్నాడు.

జల్లెడ దులిపి పెట్టాక ఇంక నేను ఎవరి మాటా వినలేదు. చోక్ లాగి కిక్కు కొట్టాను. ఒకసారి దగ్గింది. రెండోసారి గల్లీ గోడలు దద్దరిల్లేలా స్టార్టయింది. అయ్యో పాప పడుకుంది కదా అని అందరం ఒక్కసారే లోపలికి చూశాం. పాప కదల్లేదు. పిడికిళ్లు బిగించి హాయిగా నిద్రపోతోంది.

"దానికేం కొత్త?" అంది ఖాలా. "కడుపుల ఉన్న సంది విన్నదే కదా." అంటూనే రజాయిని గట్టిగా దులిపి, లోపలికి తీసుకుపోయి మంచం మీద పాప కింద పరిచింది. దాని ఒక మూల చైను నూనె మరక ఇప్పటికీ ఉంది. మా పాప దాని మీద తప్ప నిద్రపోదు.

గల్లీ మొదటి దాకా పోయి వస్తానని బండెక్కాను. పాన్ డబ్బా దగ్గర తిప్పాను. ఎంతసేపు? పాన్ డబ్బాయన చెయ్యెత్తి సలాం చేసి దించేంతసేపు. అంతే.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో ఇఫ్తారుకు పండ్ల ముక్కలు నింపిన మూత గిన్నె. నేను బండి ఆపేదాకా ఆగి, గిన్నె నా చేతికిచ్చింది.

"ఎదురింట్ల ఇచ్చి రా" అంది. తర్వాత ముఖం గంటు పెట్టుకుని అడిగింది. "ఇంత లేటా?"